ఆలస్యంగా విప్పిన మండె

నాలుగు వానాకాలాలుగా ఒక గోనె సంచీ మోస్తున్నాను. కంగారు పడకండి, శవం కాదు. వడ్లు. అవీ తడివి, అందుకే ఇంత బరువు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మా దీవిలో, తుష్నాబాద్ అనే ఊళ్లో, మా పొలం పక్కది పార్వతి దీదీ పొలం. నాట్లంటే ఇక్కడ ఆడవాళ్లు రోజుల తరబడి బురదలో నడుం వంచడం. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. ఆ ఏడు దీదీ ఎక్కడో చూసి డ్రమ్ సీడర్ తెప్పించింది. చిల్లులున్న ప్లాస్టిక్ డ్రమ్ములు, లాగడానికి ఒక పిడి. మొలక వచ్చిన వడ్లు పోసి బురద మీద లాక్కుంటూ పోతే గింజలు వరసల్లో రాలతాయి. నారు పోయక్కర్లేదు, నాటక్కర్లేదు. తన పొలం పండితే వచ్చే ఏడు ఎవరి నడుము వాళ్లకే మిగులుతుందని అందరికీ చెప్పింది.

మండె కట్టే పని నాకిచ్చింది. నానిన వడ్లను గోనె సంచీలో మూటకట్టి ఒక రోజు ఉంచాలి. మొలక ముక్కు తెల్లగా కనిపించగానే విప్పి నీడలో ఆరబెట్టాలి. అంతకన్నా పెరిగితే చిల్లుల్లోంచి రాలవు. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని రాస్తే ఈ కాగితం కూడా అబద్ధమే అవుతుంది.

విప్పాల్సిన పొద్దున నేను సముద్రం ఒడ్డున హోప్ టౌన్‌లో స్నేహితులతో చేపలు కాల్చుకుంటున్నాను. మర్నాడు వచ్చి విప్పాను. మొలకలు వేలి కణుపంత పెరిగి, ఒకదాన్నొకటి పెనవేసుకుని చాపలా లేచాయి. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చేతుల్తో పీకాను. ఎన్ని విరిగాయో చూడకుండా, దీదీ రాకముందే డ్రమ్ముల్లో పోసి మూత పెట్టాను.

నేను లాగుతున్నాను. దీదీ గట్టు మీద నడుస్తోంది.

"ఆగు. గింజ సరిగ్గా రాలట్లేదేంట్రా?"

"డ్రమ్ముకి మూడ్ లేదు దీదీ."

"మండె ఠీక్ టైమ్‌కే విప్పావా?"

"బిల్కుల్. నా మీద కూడా డౌటా?"

"నీ మీద కాదు లేరా. నేలే చదును కాలేదేమో. నా గల్తీయే."

ఆ మాట వినగానే నాకెంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

పైరు అతుకులు అతుకులుగా లేచింది. చూడడానికి వచ్చినవాళ్లతో ముందుగా నేనే అన్నాను, దీదీ ఢోలు కొంది, పెళ్లెవరిదో కనుక్కోండని. అందరూ నవ్వారు. నా జోకుల్లో అంత పేరు తెచ్చుకున్నది ఇంకోటి లేదు. ఆ ఖాళీల్లో దీదీ పక్కవాళ్ల నారు తెచ్చి, ఒక్కతే వంగి నాటుకుంది. మరెవరూ డ్రమ్ము ముట్టలేదు. ఇప్పుడందులో ఆమె కోడి గుడ్లు పెడుతోంది.

ఆలస్యం ఒక్క రోజుదే. దాన్ని నాలుగేళ్లు చేసింది నా నోరు. ఏటా నాట్లయ్యాక అమ్మ బోర్లా పడుకుంటే నడుముకి బామ్ రాస్తాను. బంగారు కొడుకునట. నేను ఇంకాస్త బామ్ తీసుకుంటాను.

మొన్న దీదీ గట్టు మీద ఎదురైంది. చిన్న మడిలో మళ్లీ డ్రమ్ముతోనే వేస్తుందట. నేల ఈసారి బాగా చదును చేయిస్తుందట. మండె మాత్రం నన్నే కట్టమంది. తలూపి వచ్చేశాను.

నా తెలుగు రాత కోడి గీకినట్టుంటుంది. జోకులన్నీ హిందీలోనే వేస్తాను. అయినా ఇది తెలుగులో రాశాను, ఎందుకంటే ముందు మీకు చెప్పుకున్నా ఈ కాగితం చేరాల్సింది దీదీకి, ఆమె చదివేది తెలుగే. చదివి క్షమిస్తుందో, దీంతోనే పొయ్యి రాజేస్తుందో ఆమె ఇష్టం.

నేల బాగానే ఉంది దీదీ. మండె నేనే మర్నాడు విప్పాను.