చెడిపోలే, పడ్తలేదు

మా మామగారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. టీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే తల వాల్చారు. దవాఖానాకు తీసుకెళ్లే పని కూడా మాకు పెట్టలేదు. మా కంప్యూటర్ రిపేరు షాపు షట్టరు మీద కాగితం అంటించాం గానీ చాలామంది చూడలేదు. వైరా నుంచి, ముదిగొండ నుంచి మానిటర్లు మోసుకొచ్చి ఊరికే తిరిగి వెళ్లారట. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఆయన గురించి ఏదో ఒకటి చెప్పారు. నేనూ నాకు తెలిసింది చెప్తాను.

షాపుకు వచ్చిన వస్తువును చూసి ఆయన ‘చెడిపోయింది’ అని తొందరగా అనేవారు కాదు. ‘పడ్తలేదు’ అనేవారు. మనుషులకు మనుషులు పడనట్టు, ఒంటికి మందు పడనట్టు, కంప్యూటర్లో ఒకదానికి ఒకటి పడకపోవచ్చని ఆయన లెక్క. ముదిగొండలో ఎరువుల దుకాణం నడిపే అతనొకడు ఒకసారి కంప్యూటర్ డబ్బా మోసుకొచ్చి బల్ల మీద దించి అడిగాడు.

“పెద్దాయనా, నా కంప్యూటర్ బతికున్నదా, సచ్చిందా?”

“సావలే. నువ్వు మొన్న ఏసుకున్న ర్యామ్ దానికి పడ్తలేదు.”

“రెండూ కొత్తయే గదా.”

“నువ్వూ మంచోడివే, మీ బామ్మర్దీ మంచోడే. మరి మీ ఇద్దరికి పడ్తదా?”

“వాని ముచ్చట ఎత్తకు పొద్దుగాల.”

“గదే నేను చెప్పేది.”

నేను ఈ షాపులో ఉండటానికి కూడా ఆ మాటే కారణం. మా పుట్టిల్లు సత్తుపల్లి దాటాక, ఆంధ్రా వైపు. పెళ్లయి ఖమ్మం వచ్చిన కొత్తలో చారులో బెల్లం ముక్క వేస్తే మా అత్తమ్మ గరిటె పక్కన పెట్టేసింది. “ఏందిది, చారా పాయసమా?” అంది. నేను ఊరుకునే రకం కాదు, ఆవిడా కాదు. రోజూ ఏదో ఒకటి. ఒకనాడు మామగారు చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పారు. “మీ ఇద్దర్ల ఎవ్వలు చెడిపోలే. ఒక్క పొయ్యి కాడ పడ్తలేదు, అంతే. కోడలా, కంప్యూటర్ కోర్సు చేసినవంట గదా, రేపటిసంది షాపుకు రా.” వెళ్లాను. సాయంత్రం ఇంటికొస్తే అత్తమ్మే టీ పెట్టి, ఇవాళ ఎవరెవరు వచ్చారని అడిగేది. ఇప్పటికీ ఒకరిని విడిచి ఒకరం టీ తాగం.

పని నేర్పడంలో ఆయనకు ఒకటే పద్ధతి. బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, డబ్బాలోవన్నీ బయటికి తీసి, దేనికది దూరంగా పెట్టేవారు. తర్వాత ఒక్కొక్కటే లోపలికి. “మందిని ఒక్కసారే లోపటికి పిలిస్తే లొల్లి ఎవడు మొదలువెట్టిండో ఎట్ల తెలుస్తది?” అనేవారు. నేను ఇవాళ్టికీ అలాగే చేస్తాను.

ఆ పద్ధతి ఒక మనిషిని నిలబెట్టింది. శ్రీరామనవమికి ముందు ఒక మధ్యాహ్నం పెనుబల్లి నుంచి ఒకతను వచ్చాడు. ట్రాలీ ఆటోలో కంప్యూటర్, దాంతో తలకు తొడుక్కునే హెడ్‌సెట్. కళ్ల ముందు రెండు చిన్న తెరలుంటాయి, తొడుక్కుంటే సముద్రం ఒడ్డున నిలబడ్డట్టు ఉండాలి. అడవి ఊళ్లలో సముద్రం చూసినవాళ్లు ఎందరని, జాతర జాతరకూ తిప్పి చూపించి బతకాలని అతని ఆలోచన.

“చెడిపోయిన మాల్ అంటగట్టిండ్రు అక్కా. సముద్రమేమో గోడకు క్యాలెండర్ లెక్క అవుపడుతున్నది. లోపట బొమ్మ పంపే కార్డు చిన్నదంటే గింత పెద్దది కొని ఏసిన. ఇంకింత ఆగమైంది. ఎడ్లనమ్మి తెచ్చిన. నవమికి భద్రాచలంల జాగా దొరికింది. ఇది నడవకపోతే మళ్ల కూలికే పోవాలె.”

మామగారు అతనికి కుర్చీ జరిపారు. “చెడిపోయిందో, పడ్తలేదో మా కోడలు తేలుస్తది. కూసో.”

తువ్వాలు పరిచాను. హెడ్‌సెట్‌ను మా షాపు కంప్యూటర్‌కు తగిలిస్తే రెండు తెరలూ వెలిగాయి. అంటే అది బాగుంది. అతని పెద్ద కార్డుకు మామూలు మానిటర్ తగిలిస్తే బొమ్మ అద్దంలా వచ్చింది. అంటే అదీ బాగుంది.

“ఇద్దరూ మంచోళ్లే. మరి నడుమ మాట్లాడేటోడు ఎవడు?” అన్నారు మామగారు.

“డ్రైవర్, మామయ్యా.”

“వాన్ని అడుగు.”

అక్కడే ఉంది లొల్లి. ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి రవ్వంత పక్కకు జరిగిన బొమ్మ వెళ్తేనే లోతు తెలుస్తుంది. అలా పంపమని కార్డుకు చెప్పాల్సింది డ్రైవర్ సాఫ్ట్‌వేర్. అతని కార్డు మరీ కొత్తది, దాని డ్రైవర్లో ఆ సంగతే లేదు. రెండు కళ్లకూ ఒకటే బొమ్మ పంపుతోంది. హెడ్‌సెట్‌తో వచ్చిన సీడీ పెట్టి చూస్తే, దానికి పడే కార్డులన్నీ అంతకు ముందువే. అలాంటిదొకటి మా అలమారలో ఉంది. తీసి చూపించేసరికి అతని ముఖం వాడిపోయింది.

“పాతదా? గింత చిన్నదా? జనం నవ్వుతరు అక్కా.”

“జనం లోపట సముద్రం చూస్తరా, నీ కార్డు చూస్తరా?” అన్నారు మామగారు.

పెద్ద కార్డు డ్రైవర్‌ను జాడ లేకుండా తుడిచేశాను. ఏ కొంచెం మిగిలినా పాత మాటే పట్టుకుని కూర్చుంటుంది. చిన్న కార్డు బిగించి, సీడీలోని డ్రైవర్ ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. అతను ఆటో తాళం చేతిలో తిప్పుతూ వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. హెడ్‌సెట్ అతనికి ఇస్తే తీసుకోలేదు.

“నాకు భయమైతున్నది. పెద్దాయనా, మొదలు నువ్వే చూడు.”

మామగారు కళ్లజోడు తీసి నాకిచ్చి, హెడ్‌సెట్ తొడుక్కుని షాపు మధ్యలో నిలబడ్డారు. ఏం కనపడుతోందని అడిగితే తల మెల్లగా ఎడమకు తిప్పారు, కుడికి తిప్పారు, కిందికి వంచారు. అతను కుర్చీలోంచి సగం లేచి ఆయన నోటి వైపే చూస్తున్నాడు.

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, పంచె అంచు రెండు చేతులతో పట్టుకుని, తడవకుండా మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకున్నారు. పొడి నేల మీద, అల వెనక్కి పోయేదాకా, అట్లాగే నిలబడి ఉన్నారు.