ఖాళీ గుట్టకు ఒక గ్రంథాలయం

నంద్యాలలో మా ఇల్లు. ఉద్యోగం ఆళ్లగడ్డలో, హైస్కూల్లో జీవశాస్త్రం టీచరుగా. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఎడారి జీవుల గురించి చెబుతున్నాను. ఒంటె మూపురం, ఇసుక, ముళ్ల మొక్కలు. ముందు బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, ఒంటెను మేం చూసిందే లేదు. మన గుట్టల మీద ఏముంటాయో చెప్పండి" అంది.

తంగేడు అన్నాను. జిల్లేడు, ఉడుము, నక్క అన్నాను. అక్కడితో ఆగిపోయాను. పదహారేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న మనిషికి నాలుగు పేర్ల తర్వాత ఐదోది దొరకలేదు. నంద్యాల బస్సు ఎక్కి కూర్చుని, దారంతా ఫోనులో వెతికాను. తెలుగులో దాదాపు ఏమీ లేదు. ఇంగ్లీషులో ఉన్నవాటికి ఎక్కడెక్కడివో ఫోటోలు. దిగేసరికి నిర్ణయించుకున్నాను, మన మెట్టనేలల మొక్కలకూ జీవాలకూ నెట్‌లో ఒక గ్రంథాలయం నేనే పెట్టాలని.

మా స్కూల్లో కంప్యూటర్లు చెప్పే సారుకు ఈ సంగతి చెప్పాను. "సైటు నేను కడతా అక్కా. దాంట్లో పెట్టేదానికి సరుకు నువ్వు తే" అన్నాడు.

సరుకు కోసం రుద్రవరం దారిలో ఒక ఊరి పక్కనున్న గుట్టకు ఆదివారాలు పోవడం మొదలుపెట్టాను. రెండో ఆదివారం రాళ్ల సందులో ఆకుల్లేని మొక్క ఒకటి కనిపించింది. నాలుగు పలకల కాడలు, చివర ఊదారంగు పూలు. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఫోటోలు తీస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏందమ్మా, ఆడ ఏం వెతుకుతాండావు? ఏమన్నా పారేసుకున్యావా?"

మేకలు తోలుకొచ్చిన ముసలామె. భుజాన కర్ర, నెత్తిన మడిచిన గోనెసంచి.

"ఈ మొక్క పేరు తెలీక చూస్తున్నా అవ్వా."

"ఏం పని చేస్తావు నువ్వు?"

చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఇది తెలీకుండా టీచరెట్లయినావు? కుందేటికొమ్ములు."

"కుందేలుకు కొమ్ములుండవు కదా అవ్వా!"

"ల్యాకపోబట్టే దీనికి పెట్టినారు" అని ఒక కాడ తుంచి సగం తాను నమిలి, సగం నా చేతిలో పెట్టింది. కాస్త పులుపు, కాస్త చేదు. ఎండలో నాలుక తడైంది.

అవ్వకు చదువు రాదు. కానీ గుట్ట మీద ఏది ఎప్పుడు పూస్తుందో, ఏది తింటే మేక కడుపుబ్బుతుందో అన్నీ తెలుసు. నేను చేయబోయేది ఆమెకు చెప్పాను. విని ఒక షరతు పెట్టింది.

"పేర్లు చెప్తా. యాడుంటాయో మాత్రం రాయొద్దు. ఒక తూరి మందులకని ఎవురో వచ్చి గంపలకెత్తుకోని పోయినారు. మళ్ల మొలిచేదానికి ఏండ్లు పట్టె."

ఒప్పుకున్నాను. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. మా సైటులో ఏ మొక్కకూ దారి చెప్పం.

అవ్వ చెప్పింది నేను నోటుబుక్కులో రాసుకుపోతుంటే సారు అడ్డం వచ్చాడు. "అవ్వ మాటలను నువ్వు తిరగరాసేదెందుకక్కా? అవ్వ గొంతే పెడదాం." అప్పటి నుంచి ప్రతి పేజీలో ఫోటో, తెలుగు పేరు, శాస్త్రీయ నామం, కింద అవ్వ గొంతు.

అన్నిటికంటే ఏడిపించింది ఒక తొండ. ఎండాకాలంలో మగది గొంతు కింద నీలం, ఎరుపు రంగుల తోలును విసనకర్రలా విప్పుతుంది. కన్నార్పేలోపు మూసేస్తుంది. మూడు ఆదివారాలు కాలే రాళ్ల మధ్య బోర్లా పడుకున్నాను. నాలుగో ఆదివారం దొరికింది, రంగులన్నీ విప్పి నిలబడిన తొండ, నా ఫోనులో! సంతోషం పట్టలేక అరిచాను. మేకలు బెదిరి గుట్ట నాలుగు పక్కలా చెదిరిపోయాయి. అవ్వ తిట్టిన తిట్లు కూడా రికార్డయ్యాయి. అవి మాత్రం సైటులో పెట్టలేదు.

అలా వందో పేజీ దాటాక, ఒకరోజు అవ్వ ఎవరి ఫోనో అడిగి తీసుకుని నాకు చేసింది. "టీచరమ్మా, గుట్ట మీద గుంతలు కొడ్తారంట. జామాయిల్ పెడ్తారంట. గ్రామసభ ఉంది, బేగా రా."

సెలవు పెట్టి వెళ్లాను. సారు ప్రొజెక్టరు తీసుకుని వచ్చాడు. ఆ ఊరి స్కూలు వరండాలో సభ. మొక్కలు నాటించడానికి వచ్చిన అధికారి మంచివాడే. ఖాళీ గుట్ట పచ్చబడితే ఊరికి మేలని ఆయన నమ్మకం. సర్పంచి కూడా, "ఆడ ఏముంది మేడమ్, రాళ్లూ ముండ్లూ తప్ప?" అన్నాడు.

గోడ మీద కుందేటికొమ్ములు కనిపించాయి. తర్వాత తొండ. వరండా అంతా అవ్వ గొంతు వినిపిస్తుంటే జనం నవ్వారు, మురిశారు. ఐదో పేజీకి కరెంటు పోయింది. గోడ మళ్లీ వట్టి గోడయింది.

ఆడవాళ్ల మధ్య నుంచి అవ్వ లేచింది. "నేనీడ్నే ఉండాను గదా, ఆ డబ్బా ఏంటికి?"

చెప్పడం మొదలుపెట్టింది. బలుసు, వెంపలి, తీతువు గులకరాళ్ల మధ్య పెట్టే గుడ్లు, ముళ్లపంది బొరియ, ఒక్కొక్కదానికి రెండు మాటలు. మధ్యలో ఒక రైతు అందుకుని, "కౌజుపిట్టను మర్చిపోయినావ్ అవ్వా" అన్నాడు. వెనక నుంచి ఇంకొకామె మరో గడ్డి పేరు చెప్పింది. ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. తమ గుట్ట మీద ఉన్నవన్నీ ఊరు ఊరంతా పోటీపడి చెబుతుంటే నేను గబగబా రాసుకున్నాను. మా గ్రంథాలయంలో లేనివి పదకొండు తేలాయి.

అధికారి తన కాగితాలు మడిచాడు. "దీన్ని ఖాళీ గుట్ట అని రాసింది తప్పేనప్పా" అన్నాడు సర్పంచితో. జామాయిల్ మొక్కలను చెరువుకట్ట మీద, రోడ్డు పక్కన నాటాలనీ, గుట్టను ఉన్నదున్నట్టు వదలాలనీ తీర్మానం రాశారు. అవ్వ వేలిముద్ర వేసింది. వేసి, బొటనవేలి సిరాను నా కొంగుకు తుడిచింది. ఆ క్షణాన నా అంత గొప్పది ఈ లోకంలో లేదనిపించింది.

ఇప్పుడు సున్నిపెంట నుంచి ఒక టీచరు అడవి అంచు మొక్కల ఫోటోలు పంపుతోంది. గడివేముల రైతు ఒకాయన తన చేలో వాలిన ప్రతి పిట్ట ఫోటో పంపి పేరడుగుతాడు. మాకు తెలియనివి అవ్వకు చూపిస్తాం. ఆమెకూ తెలియకపోతే, "తెలీదు" అన్న ఆమె గొంతునే పెట్టి, తెలిసినవాళ్లు చెప్పండని రాస్తాం. చెబుతున్నారు కూడా.

ఊరు చెప్పిన పదకొండింటి ఫోటోలు తీయడానికి రెండు వానాకాలాలు పట్టింది. చివరిది దొరికిన పొద్దున సారు ఆళ్లగడ్డ నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని వచ్చాడు. ముగ్గురం గుట్ట మీదే బండలపై కూర్చుని తిన్నాం. అవ్వ నాలుగో బజ్జీ తీసుకుంటూ, "కారం సాల్లేదు" అంది.