తవ్వని గట్టుకు తీసిన ఫోటోలు

దెయ్యాలూ శకునాలూ నేనెప్పుడూ నమ్మలేదు. ముప్పయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఏ పిట్టను ఏ తారీఖున, ఎన్ని గంటలకు చూశానో నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఇదీ అందులో ఉన్నదే.

మా ఊరి దగ్గర గోదావరి పాయ గట్టుకు పసిరిక పిట్టలు బొక్కలు తవ్వి గుడ్లు పెడతాయి. పిచ్చుకంత పిట్ట. ఆకుపచ్చ ఒళ్ళు, నీలం గొంతు. తేనెటీగలనూ తూనీగలనూ గాలిలోనే పట్టి తింటుంది. ఆ వేసవిలో రోడ్డు పనికి ఆ గట్టు మట్టే తీస్తారని తెలిసింది. బొక్కలు పధ్నాలుగు. తొమ్మిదింట్లో పిల్లల అరుపు వినబడుతోంది.

సర్పంచి నాకు వరసకు మరిది. వెళ్ళి అడిగాను.

"మీ పిట్టలకి పట్టా ఉందా ఏంటి వదినగారూ?" అని నవ్వాడు. తర్వాత, "గూళ్ళున్నట్టు ఫోటో చూపించండి. పిల్లలు ఎగిరేదాకా పొక్లెయిను దింపనివ్వను" అన్నాడు.

మర్నాడు ఉదయం ఇరవై రెండు ఫోటోలు తీశాను. ఒక్కొక్కటీ కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను. బొక్కలు స్పష్టంగా ఉన్నాయి. ఒక బొక్క అంచున, నోట తూనీగతో తల్లి పిట్ట.

తిన్నగా పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. కంప్యూటర్లో తెరిచారు. ఇరవై రెండింటిలోనూ గట్టు నిలువునా కోసేసి ఉంది. మట్టి మీద ఇనప పళ్ళ గీతలు. మధ్యలో వేలాడుతున్న తుమ్మవేరు. బొక్క ఒక్కటీ లేదు. పిట్ట మాత్రం ఉంది, నోట తూనీగతో, గాలిలో.

"ఇది తవ్వేసిన చోటు కదండీ. గూళ్ళేవి?" అన్నాడు మరిది.

"పొద్దున్న ఉన్నాయి బాబూ. వచ్చి చూడు."

"కళ్ళు ఒకసారి చూపించుకోండి వదినగారూ" అన్నాడు, మర్యాదగానే. నా ఎదుటే ఫోన్ చేసి, "కానివ్వండి" అన్నాడు.

ఆటోలో వెళ్ళేసరికి పదకొండు దాటింది. గట్టు కోసేశారు. అవే గీతలు. అదే చోట తుమ్మవేరు. దాని ముందు ఒక పసిరిక పిట్ట నోట తూనీగతో, వాలే చోటు లేక రెక్కలాడిస్తోంది.

కెమెరా షాపులో చూపించాను. లోపమేమీ లేదన్నారు. ఫోటోల మీద టైము ఏడు నలభై. అప్పటికి పొక్లెయిను గట్టు మీదే ఆగి ఉంది. నేను చూశాను.

ఎంత ఆలోచించినా దీనికి కారణం దొరకలేదు. మరిదిని తిట్టడానికీ లేదు. ఫోటో తెమ్మన్నాడు, తెచ్చాను, చూసి నమ్మాడు. ఆ తొమ్మిది గూళ్ళనూ తవ్వించింది నా ఫోటోలే.