నుసి కనపడని వీడియో

మా వాళ్ళు దూదేకులవాళ్ళు. మా నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ దిండ్లూ ఏకిపెట్టేవాడు. నాకు వయసొచ్చేసరికి ఆ పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. నేను, మా చెల్లెలు, మా పిన్నమ్మ చిలకలూరిపేట హైవే పక్కనున్న జిన్నింగ్ మిల్లులో చేరాం. పత్తిలోంచి గింజ విడగొట్టే మిషన్లకు పత్తి అందించడం మా పని. మిషను తిరిగినంతసేపూ దూది నుసి గాల్లో లేస్తూనే ఉంటుంది. మూతికి పైటచెంగు ఎంత బిగించి కట్టినా ముక్కులో అదే, కళ్ళల్లో అదే, అన్నం గిన్నె మూత తీస్తే అందులోనూ అదే.

చెల్లెలికి మొదట్లో వారానికో రోజు సెలవు అయిపోయి పనిలోకి వెళ్ళిన రోజు మాత్రమే ఛాతీ పట్టేసేది. మర్నాటికి సర్దుకునేది. కొన్నాళ్ళకు సర్దుకోవడం మానేసింది. నాలుగు మాటలు చెబితే మధ్యలో రెండుసార్లు దగ్గేది. మేనేజరుకు చెబితే ఆయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "మీ ఇళ్ళల్లో కట్టెల పొయ్యిలు, మీ మగాళ్ళ నోట్లో బీడీలు. దగ్గు అక్కడ తెచ్చుకుని మా మిల్లు మీద రుద్దుతారేంటి?"

మేము అడిగింది పెద్ద కోరిక కాదు. నుసిని బయటకు లాగే ఫ్యాన్లు పెట్టించమన్నాం. పని మానుకుని కూర్చునే వీలు చెల్లెలికి లేదు. మొగుడు వదిలేసి పోయాడు, ఇద్దరు పిల్లలు. మిల్లులో గాలి బాగుపడకపోతే దాని ఊపిరి ఎక్కువ కాలం ఆడదని మాకు తెలుస్తూనే ఉంది. గుంటూరు వెళ్ళి ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసరును కలిశాం. "నుసి ఉందని మీరంటారు, లేదని వాళ్ళంటారు. చూపించడానికి ఏముందమ్మా మీ దగ్గర?" అన్నాడాయన. మిల్లు దాకా వచ్చి చూడండయ్యా అంటే, ఏ కారణమూ లేకుండా ఎలా వస్తానన్నాడు.

అప్పటికి మా పేటలో ఆడవాళ్ళ సంస్థ ఒకటి ఉండేది. నలభై దాటాక నేను అక్షరాలు దిద్దింది వాళ్ళు పెట్టిన బడిలోనే. అక్కడి మేడం దగ్గర టేపు వేసి తీసే చిన్న కెమెరా ఉండేది. ఆవిడే చెప్పింది, ఇప్పుడు వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టుకునే సైట్లు వచ్చాయని, అక్కడ పెడితే ఏ ఆఫీసరైనా తన బల్ల దగ్గర కూర్చునే చూడొచ్చని. మేనేజరు ఊళ్ళో లేని రోజు చూసుకుని, పొదుపు సంఘం వీడియో అని మేస్త్రీకి చెప్పి, ఆవిడ లోపలికి వచ్చింది. పైకప్పు రేకుకు ఒకచోట కంత ఉంది. అందులోంచి పడే ఎండలో నుసి తెల్లగా సుడి తిరుగుతోంది. చెల్లెల్ని సరిగ్గా ఆ ఎండ పక్కనే కూర్చోబెట్టి మాట్లాడించింది. చెల్లెలు తన జబ్బు సంగతి మొత్తం చెప్పింది, ఆగి ఆగి, దగ్గి దగ్గి.

ఆ సాయంత్రం సంస్థ ఆఫీసులో కెమెరాకు వైరు తగిలించి టీవీలో వేశారు. నుసి ఎంత స్పష్టంగా ఉందంటే, పిన్నమ్మ కూర్చున్నచోటే ముక్కు మూసుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! ఇదంతా మనం మింగుతున్నామా!" అంది. రోజూ మేము అందులోనే ఉంటాం కదా, కానీ పక్క నుంచి చూడటం అదే మొదలు. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. ఇక వాళ్ళు కాదనలేరని ముగ్గురమూ అనుకున్నాం.

దాన్ని సైటులో పెట్టడానికి నెట్ సెంటరుకు వెళ్ళాం. దాన్ని నడిపే అతనికి ముప్ఫై ఏళ్ళుంటాయి. మంచివాడే. టేపును కంప్యూటర్లోకి ఎక్కించి నిట్టూర్చాడు.

"అక్కా, ఇది చాలా పెద్దదైంది. ఆ సైటు వంద ఎంబీ దాటితే తీసుకోదు."

"తగ్గించవయ్యా మరి."

"తగ్గిస్తా. ఏది తగ్గించమంటారు?" అని తెర మీద ఒక పెట్టె తెరిచాడు. అందులో ఉన్నదంతా ఇంగ్లీషు. నాకు వచ్చినవి తెలుగు అక్షరాలు, అవీ కొత్తగా. అతనే ఒక్కోటి చదివి చెప్పాడు. ఇది బొమ్మ సైజు. ఇది సెకనుకు ఎన్ని బొమ్మలు కదలాలి అన్నది. ఇది బిట్‌రేటు, అంటే సెకనుకు ఎంత సరుకు పోవాలి అన్నది. ఇది మాటకు, ఇది బొమ్మకు. "పొడవు కత్తిరిస్తే అన్నిటికన్నా సుఖం. దగ్గుతున్నచోటల్లా కోసేస్తే సగమైపోద్ది," అన్నాడు.

పిన్నమ్మ లేచింది. "దగ్గు కోస్తావా? దగ్గే కదరా మా సాక్ష్యం! పీక కోసినట్టు మాట్లాడతావేంటి?"

"సరే పెద్దమ్మా, కోయను. అప్పుడు మాట బాగా ఉంచి బొమ్మను నొక్కాలి. గట్టిగా నొక్కాలి మరి. పర్లేదా?"

అప్పుడు పిన్నమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. "నొక్కడం గురించి మాకు చెబుతున్నావా అబ్బాయ్? మిల్లులో మిద్దె ఎత్తు దూదిని ప్రెస్సులో పడేసి బేలు చేస్తారు, రాయిలా ఉంటది. దాన్ని విప్పి ఏకామనుకో, మళ్ళీ ఇల్లంతా నిండుద్ది. ఎంత నొక్కినా దూది ఎక్కడికీ పోదు. నొక్కు నువ్వు. అక్కడ విప్పుకున్నోళ్ళకి పొంగుద్ది."

మేడంతో సహా అందరం తలలూపాం. మాకది అనుమానించాల్సిన మాటలా అనిపించలేదు. మూడు తరాలుగా మేము చూసిన నొక్కుడు అదొక్కటే. నెట్ సెంటరు అతను ఏదో చెప్పబోయాడు. వెనక పదో తరగతి ఫలితాల కోసం జనం తోసుకుంటున్నారు. ఊరుకుని బొమ్మకు ఉన్న అంకె బాగా కిందికి దించాడు. మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఎక్కింది. అతని డిస్కులో చోటు లేక పెద్దది తీసేశాడు. ఆ వారమే మేడం పక్క మండలంలో ఏదో సభ ఉందని అదే టేపు మీద ఆ సభను తీసింది, మాది చెరిగిపోయింది. సంస్థకు ఉన్నవే కాసిని టేపులు. ఎవరినీ తప్పుపట్టలేను. ఎక్కించింది భద్రంగా ఉందనే అనుకున్నారు.

మళ్ళీ గుంటూరు వెళ్ళాం. ఆఫీసరు మా మేనేజరును కూడా పిలిపించాడు. కంప్యూటర్లో మేడం వీడియో తెరిచింది. మిల్లు కనపడింది. మిషన్లు, గోడలు, రేకు కంతలోంచి ఎండ, అన్నీ ఉన్నాయి. ఎండలో ఏమీ లేదు. పాలిష్ పెట్టిన గచ్చులా నున్నగా ఉంది గాలి. ఆ గాలిలో కూర్చుని మా చెల్లెలు దగ్గుతోంది. దగ్గు మాత్రం ఒక్కటీ పోలేదు, మేము కోరినట్టే.

"నుసి ఏదమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"అక్కడే ఉందండీ, ఎండలో," అని పిన్నమ్మ వేలు పెట్టి చూపించింది. ఆ వేలి దగ్గర శుభ్రమైన ఎండ ఉంది.

మేనేజరు గొంతు పెంచలేదు కూడా. "చూశారుగా సార్. నేను తీయించింది కాదిది, వాళ్ళే తీసుకున్నారు. మిల్లు అద్దంలా ఉంది. జబ్బు ఆవిడలో ఉంది. టీబీ ఏమో, మిగతా ఆడాళ్ళకి అంటిస్తదని నాకు భయంగా ఉంది సార్."

ఆ మాటతోనే చెల్లెల్ని పనిలోంచి తీసేశారు. తోటివాళ్ళ ఆరోగ్యం కోసమట. ఫ్యాన్లు రాలేదు. తనిఖీ రాలేదు. నేనూ పిన్నమ్మా అదే నుసిలోకి మర్నాడు వెళ్ళాం.

నేను మళ్ళీ నెట్ సెంటరుకు వెళ్ళి అడిగాను, నుసి ఏమైందని. అతను తలొంచుకుని చెప్పాడు. కదలని గోడలాంటిది కంప్యూటరుకు చవకట, ఒకసారి రాసుకుంటే చాలట. కదిలేదానికే ఖర్చట. నుసిలో ప్రతి పోగూ ప్రతి క్షణం కదిలేదే. ఉన్న కాస్త సరుకుతో అంత సన్నదాన్ని మోయలేక, అక్కర్లేనిదిగా ఎంచి తుడిచేస్తుందట. "విప్పితే తిరిగి రాదా?" అన్నాను. "రాదక్కా. అది బేలు కాదు. పారేసింది పారేసినట్టే," అన్నాడు. ఈ మాట ఆ రోజే చెప్పాల్సిందయ్యా అన్నాను. చెప్పబోయాను కదక్కా అన్నాడు. నిజమే, చెప్పబోయాడు.

చెల్లెలు ఆ తర్వాత ఇంట్లోనే బొంతలు కుట్టింది. మళ్ళీ దూదే. ఒకరోజు నన్ను పిలిచి, "అక్కా, ఆ వీడియో తీసేయించవే. పిల్లల బళ్ళో ఎవరో చూశారంట. మీ అమ్మకి టీబీ అంటగా అంటున్నారంట," అంది.

తీసేయించడానికి పాస్‌వర్డు కావాలన్నారు. అది మేడం దగ్గరుంది. సంస్థకు డబ్బులిచ్చేవాళ్ళు ఆపేశాక ఆవిడ వేరే జిల్లాకు వెళ్ళిపోయింది. ఆవిడ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి రాంగ్ నంబరన్నాడు. చెల్లెలికి ఏం చెప్పను? తీసేశారని చెప్పాను. దానికి చదువు రాదు, వెతకలేదు. తర్వాత రెండేళ్ళు బతికింది.