వెళ్ళొస్తా పెద్దమ్మ

మా పెద్దమ్మకి వెళ్ళడం రాదు. వంట వచ్చు, కుట్టు వచ్చు, పాడైన ఫ్యాను విప్పి మళ్ళీ బిగించడం వచ్చు. చుట్టాలింటికి వచ్చాక అక్కడినుంచి వెళ్ళడం మాత్రం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

"వెళ్ళొస్తా" అన్న మాటలో రెండు పనులున్నాయి, వెళ్ళడం, రావడం. మా పెద్దమ్మ మొదటి పని చేయకుండానే రెండోది చేసేస్తుంది. "వెళ్ళొస్తా మరి" అని లేస్తుంది. సంచి భుజాన వేసుకుంటుంది. గుమ్మంలో ఒక కాలికి చెప్పు తొడుక్కుంటుంది. రెండో కాలు చెప్పులో పెట్టబోతూ "అన్నట్టు" అంటుంది. ఆ అన్నట్టుకి అంతుండదు. నేనేం చదవాలన్నదీ, ఎవర్ని చేసుకోవాలన్నదీ ఆవిడ ఒంటిచెప్పు మీద నిలబడి ఉండగానే తేలిపోయాయి.

చిత్రమేమిటంటే ఆవిడ ఉద్యోగం చేసింది బస్టాండులో. రిటైరయ్యేదాకా మైకు ముందు కూర్చుని "బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది" అని చెప్పింది. లోకంలోని బస్సులన్నిటినీ టైముకి సాగనంపిన మనిషి, తను మాత్రం సాగేది కాదు. మా ఇంటికొచ్చి సంచి తగిలించుకోగానే మా నాన్న పేపరు దించి, "మీ అక్కయ్య బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది" అని మా అమ్మకి ప్రకటించి, మళ్ళీ పేపరు ఎత్తేవాడు. సిద్ధంగా ఉండటం వేరు, బయలుదేరడం వేరు అని ఆయనకి అనుభవమే.

ఆ అనుభవం లేని మా ఆయన పెళ్ళయిన కొత్తల్లో మర్యాద కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళ వైపు "వెళ్ళొస్తా" అంటే నిజంగానే వెళ్ళిపోతారట, పాపం. పెద్దమ్మ అన్నట్టు మీద అన్నట్టు వేస్తోంది, ఈయన కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు. వీధిలో ఉన్న దోమలన్నీ ఇంట్లోకి వచ్చేశాక ఆవిడకి జాలేసింది.

"కూర్చో నాయనా, ఎందుకా అవస్థ? నేను వెళ్ళిపోతున్నాగా!" అంది.

మా పాప పుట్టిన వారంలోనే మా అమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేసి కదలకూడదన్నారు. "నా బదులు అక్కని పంపుతున్నానే. ఊరికే చూసి వెళ్ళిపోతుందిలే" అంది ఫోన్లో. ఆ మాటకి అంత నొప్పిలోనూ అమ్మ నవ్వింది, అంత ఏడుపులోనూ నేను నవ్వాను.

ఏడుపని ఎందుకన్నానంటే, పాప పాలు తాగడం లేదు. రొమ్ము పట్టేది, రెండు గుక్కలు తాగేది, జారిపోయేది. మళ్ళీ పట్టేది, నోట్లో టక్కు టక్కుమని చప్పుడు, మళ్ళీ జారేది. ఇలా పెనుగులాడి పెనుగులాడి అలిసి నిద్రపోయేది. పక్కలో వేయగానే ఆకలితో లేచి ఏడ్చేది. నాకేమో చనుమొనలు పగిలిపోయాయి. పాప నోరు తెరిస్తే నేను పళ్ళు బిగబట్టేదాన్ని. అన్నిటికీ మించి పిల్ల బరువు పెరగడం లేదు. లిఫ్టులో కలిసిన ప్రతివాళ్ళూ పాప మొహం చూసి, నా మొహం చూసి, "పాలు చాలట్లేదేమోనమ్మా" అనేవారు. నేను వేసుకున్న జాకెట్టు తడిసిపోయేంత పాలు నాకున్నాయని వాళ్ళకెలా చెప్పను?

నాకు చిన్నప్పటినుంచీ మొండిఘటమని పేరు. నా పిల్లకి నా పాలే పట్టాలనుకున్నాను. అందుకని ఎవరడిగినా "బాగానే తాగుతోంది" అని అబద్ధమాడేదాన్ని. పెద్దమ్మకీ అదే చెప్పాను. ఆవిడ ఏమీ రెట్టించలేదు. పాపని ఎత్తుకుంది, ఉతికిన బట్టలు మడతపెట్టింది, సాయంత్రం కాగానే లేచింది.

"వెళ్ళొస్తా మరి."

మా ఆయన దింపడానికి స్కూటర్ తాళం తీసుకున్నాడు, కానీ కూర్చునే ఉన్నాడు. ఆయనకీ అనుభవం వచ్చేసింది. పెద్దమ్మ ఒక చెప్పు తొడుక్కుంది.

"అన్నట్టు, పాలిచ్చేటప్పుడు నీ కాలివేళ్ళెందుకే అలా ముడుచుకుంటున్నాయి?"

అంతే. కట్ట తెగినట్టు ఏడ్చేశాను. "పెద్దమ్మా, దానికి తాగడం రావట్లేదో, నాకివ్వడం రావట్లేదో తెలియట్లేదే. అది ఎండిపోతోంది."

"తెలుసుకుందాం. దానిదేముంది?" అంటూ ఆ ఒంటిచెప్పుతోనే లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. "ఐదు నిమిషాలాగి వెళ్తాలే."

మా ఆయన తాళం మేకుకి తగిలించేశాడు.

పెద్దమ్మ పాప తాగడం చివరిదాకా చూసింది. చూసి, "నాకిందులో ఏమీ తెలీదు. నా ఇద్దరూ పుట్టగానే జలగల్లా పట్టుకున్నారు" అని ఒప్పేసుకుంది. "డబ్బాపాలు పట్టడం తప్పేం కాదు. పిల్ల కడుపు నిండటం ముఖ్యం. కానీ నీకు ఇవ్వాలనుంది కదా? అయితే ఆ మాటే డాక్టరుగారితో గట్టిగా చెప్పు. రేపు వెళ్దాం. నేనెలాగూ అటే పోవాలి."

మర్నాడు పెద్దమ్మా, మా ఆయనా, నేనూ పాపని తీసుకుని వెళ్ళేసరికి పిల్లల డాక్టరుగారి దగ్గర జనం తిరునాళ్ళలా ఉన్నారు. ఆవిడ పాపని తూచి, పెదవి విరిచి, పాలు పిండి చెంచాతో కూడా పట్టమని, చాలకపోతే డబ్బాపాలు కలపమని, వారం తర్వాత రమ్మని చెప్పింది. నేను చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. నా మొండితనమంతా ఇంట్లోనే గానీ తెల్లకోటు ముందు కాదని ఆరోజే తెలిసింది.

"వెళ్ళొస్తామండీ" అంది పెద్దమ్మ.

"మంచిదమ్మా. నెక్స్ట్!" అంది డాక్టరుగారు. పాపం, ఆవిడకి మా పెద్దమ్మ కొత్త.

పెద్దమ్మ తలుపు దాకా వెళ్ళి పిడి పట్టుకుంది. "అన్నట్టు డాక్టరుగారూ, తాగేటప్పుడు టక్కు టక్కుమంటోందండీ. అది తాగే చప్పుడేనా?"

"గాలి మింగుతోందేమో. భుజాన వేసుకుని వీపు తట్టండి."

"అలాగేనండీ. వెళ్ళొస్తాం." తలుపు సగం తెరిచింది. "అన్నట్టు, మా అమ్మాయికి పుండ్లు పడిపోయాయండీ. నొప్పి ఉండటం మామూలేనా?"

"అంత ఉండకూడదు." డాక్టరుగారు కలం కింద పెట్టింది.

"అదే అనుకున్నా. వెళ్ళొస్తాం." ఒక కాలు బయట పెట్టింది. బయట వరసలో వాళ్ళు గొణుగుతున్నారు. పెద్దమ్మ వాళ్ళవైపు తిరిగి "అయిపోయిందండీ, వెళ్ళిపోతున్నాం" అని అభయమిచ్చి, మళ్ళీ లోపలికి తొంగిచూసింది. "అన్నట్టు, పాప ఏడ్చినప్పుడు నోరైతే ఇంత తెరుస్తుంది గానీ నాలుక పైకి లేవదండీ. మా అల్లుడికీ మాట పైకి రాదు. ఆ పోలికంటారా?"

డాక్టరుగారు నవ్వేసింది. "మీరు వెళ్ళేలా లేరు. పాపని ఇలా పడుకోబెట్టండి" అని చేతికి తొడుగు వేసుకుంది. పాప నాలుక కింద వేలు పెట్టి ఎత్తి చూసింది. మమ్మల్నీ చూడమంది. నాలుక కొస మధ్యలో నొక్కుపడి, బొమ్మల్లో గీసే హృదయం ఆకారంలో ఉంది.

"పాపకి నాలుక కట్టేసి ఉందండీ" అంది.

మా ఆయన అదిరిపడ్డాడు. "మేమేం కట్టలేదండీ!"

"ఎవరూ కట్టలేదు సార్, పుట్టుకతోనే వచ్చింది. నాలుక కింద అందరికీ ఒక పొర ఉంటుంది. మీ పాపకది పొట్టిగా ఉండి కొసదాకా అంటుకుంది. అందుకని నాలుక చాచలేదు, ఎత్తలేదు. అందుకే రొమ్ము జారిపోతోంది, తల్లికి నొప్పి పుడుతోంది."

తప్పు నా పాలది కాదు, పాపది కాదు. ఇంత సన్నటి పొరది! నాకు గుండె మీదినుంచి రోలు దించినట్టయింది. అప్పుడు వచ్చింది నా గొంతులోని మాట. "డాక్టరుగారూ, నేను నా పాలే పట్టాలనుకుంటున్నాను. ఏం చేయాలో చెప్పండి, చేస్తాను."

"అయితే కత్తెర మాట తర్వాత. ఈ పొర ఉన్న పిల్లలందరికీ కత్తిరించక్కర్లేదు. ముందు పై అంతస్తులో పాలిచ్చే తల్లులకి నేర్పే నర్సుంది, ఆవిడ్ని కలవండి."

"వెళ్ళొస్తాం" అంది పెద్దమ్మ. ఈసారి గదిలో ఉన్నవాళ్ళెవరూ నమ్మలేదు.

ఆ నర్సు నిదానస్తురాలు. నా వీపు వెనక దిండు పెట్టింది. పాప పొట్ట నా పొట్టకి ఆనించింది. "రొమ్ముని పాప దగ్గరికి తీసుకెళ్ళకమ్మా, పాపనే దీని దగ్గరికి తీసుకురా. గడ్డం ముందు ఆనాలి. ఆవలించినంత నోరు తెరిచేదాకా ఆగు" అని చెప్పి, చేయించి, మళ్ళీ చేయించింది. నొప్పి సగానికి తగ్గింది. రోజూ వెళ్ళాం. మధ్యలో పాలు పిండి చెంచాతో పట్టాం. పాప కాస్త తేరుకుంది. కానీ ఇంకా జారుతూనే ఉంది. చివరికి నర్సూ డాక్టరుగారూ కలిసి చూసి, ఈ పొరని కత్తిరించడమే మంచిదన్నారు.

ఆ మాటకి మా ఆయన నోరు విప్పాడు. పెళ్ళయ్యాక ఆయన మాట్లాడిన అతి పొడుగు వాక్యం అప్పుడే విన్నాను. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా అత్తయ్యగారూ, ఇప్పుడిది అవసరమంటారా?"

"అది కొండనాలుక అల్లుడూ. ఇది నాలుక కింద. ఆ సామెత ఇక్కడ చెల్లదు" అంది పెద్దమ్మ. "భయముంటే నాకు చెప్పకు, డాక్టరుగారినే అడుగు."

అడిగాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పాపని దుప్పట్లో చుట్టి పట్టుకున్నారు, కత్తెర ఇలా పెట్టి అలా తీశారు. ఓ చుక్క రక్తం. పాప కెవ్వుమంది, నాకు ప్రాణం పోయినంత పనైంది. వెంటనే నా ఒళ్ళో పెట్టి పాలివ్వమన్నారు.

ఇక అంతా సర్దుకుందనుకున్నాను. ఎక్కడ? బాగా పట్టింది గానీ పాత అలవాటు కొద్దీ మళ్ళీ జారింది. నేను నీరుగారిపోయాను. "నాలుకకి ఇప్పుడే కదమ్మా సంకెళ్ళు ఊడాయి, పని నేర్చుకోవద్దూ?" అంది నర్సు. నేర్పాం. పగలనక రాత్రనక నేర్పాం. ఒక పూట బాగా తాగేది, మరో పూట మొండికేసేది. మొండితనంలో అది నా కూతురే గనక నేనూ వదల్లేదు.

ఇన్నాళ్ళూ పెద్దమ్మ వెళ్తూనే ఉంది. వెళ్ళే మనిషికి బట్టలెందుకని తెచ్చుకోలేదు, నా నైటీల్లో తిరిగింది. మా ఆయన పెద్దమ్మ వాళ్ళింటికెళ్ళి బట్టల సంచి తెస్తే, "ఎందుకయ్యా ఈ చాకిరీ, సాయంత్రం వెళ్ళిపోయేదాన్ని" అని మందలించి, అందులోంచి శుభ్రమైన చీర తీసి కట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో ఒక చెప్పు, ఒక అన్నట్టు, తర్వాత మళ్ళీ లోపలికి.

ఓ మధ్యాహ్నం అడిగేశాను. "పెద్దమ్మా, ఉంటే హాయిగా ఉండొచ్చుగా. రోజూ ఈ వెళ్ళొస్తా ఏంటే?"

"ఉంటానంటే నువ్వు లేచి నాకు పక్క సర్దుతావు. మీ ఆయన కూరలకి పరిగెడతాడు. నేను చుట్టాన్నైపోతాను. వెళ్తానంటే నా బెంగ ఎవరికీ ఉండదు." పాప జుట్టు సవరిస్తూ అంది. "అదీగాక బస్టాండులో చూశానే. బెంచీ మీద గంటసేపు పక్కపక్కన కూర్చుని ఎండల గురించి మాట్లాడుకుంటారు. బస్సు బయలుదేరుతోందని నేను చెప్పగానే, ఒకళ్ళు కిటికీ పట్టుకుని పరిగెడుతూ అసలు మాట చెప్తారు. ఒంట్లో బాగుండట్లేదనో, నా మీద కోపం పెట్టుకోకనో. సగం వినపడేది కాదు. బస్సు ఆగదు కదా. నేనైతే ఆగొచ్చు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ మేమంతా నవ్వుకున్న మనిషి ఈవిడ.

"ఏడవకు, పాలు ఉప్పగా అయిపోతాయి" అంది.

అందులో నిజం లేదని నర్సు తర్వాత చెప్పింది.

పాప బరువు పెరిగిందని డాక్టరుగారు చెప్పిన రోజు ఇంటికొచ్చి, నేను కిటికీ పక్కన కూర్చుని పాలివ్వడం మొదలుపెట్టాను. టక్కుటక్కులు లేవు. గుటక, గుటక, ఊపిరి, మళ్ళీ గుటక. నా కాలివేళ్ళు వాటి దారిన అవి ఉన్నాయి. ఎంతసేపు అలా చూస్తూ కూర్చున్నానో, తలెత్తేసరికి పెద్దమ్మ లేదు. సంచి లేదు, చెప్పులు లేవు. జీవితంలో మొదటిసారి వెళ్ళొస్తా అనకుండా వెళ్ళిపోయింది. ఇక్కడ తన అవసరం లేదని నాకంటే ముందు ఆవిడకే తెలిసిపోయినట్టుంది.

"పరిగెత్తండి, బస్సెక్కేస్తుందేమో!" అన్నాను మా ఆయనతో.

వెళ్ళినవాడు వెళ్ళినట్టే వచ్చాడు. "ఇంకా మన మెట్లే దిగలేదు. కింది ఇంటి లెక్కల మాస్టారి గుమ్మంలో ఉంది" అన్నాడు. ఆ మాస్టారు ఒంటరి మనిషి. మేం ఈ ఇంట్లో చేరిననాటినుంచీ మాతో ఆయన మాట్లాడింది, కుర్చీలు ఈడ్చకండి అని. అంతే. "ఆయనే చెప్తున్నారు, ఆవిడ వింటోంది. వెళ్ళేదారిలో తలుపు తెరిచి ఉంటే వెళ్ళొస్తానని చెప్పిందట. నన్ను చూసి, మాస్టారికి కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు అల్లుడూ, గొంతెండిపోయింది పాపం, అంది."

నేను పగలబడి నవ్వాను. ఆ కుదుపుకి పాప నోట్లోంచి రొమ్ము జారిపోయింది. అది నా వంక విసుగ్గా చూసింది. తర్వాత నా చేతి సాయం లేకుండా తనే మొహం తిప్పి వెతుక్కుని, ఇంత నోరు తెరిచి పట్టుకుంది.