ఇన్నయ్య తాత దిద్దిన పేరు

పక్క సందులో ఎవరో నూలుకు పట్టించడానికి గంజి కాస్తున్నారు. మా నేతపేట నీలం నగర్‌లో ఇప్పుడు అరుదైపోయిన ఆ పుల్లటి వాసన తగలగానే దాజీ పేట్‌లో ఉండిన ఇన్నయ్య తాత గుర్తొచ్చాడు. ఆయన చొక్కాకు ఎప్పుడూ అదే వాసన. ఏడో తరగతితో బడి మానేసి మగ్గమెక్కిన కథోలిక క్రైస్తవుడాయన. చర్చిలోని పాత రిజిస్టర్లు చదవాలని, చినిగిన నిఘంటువొకటి ముందు పెట్టుకుని లాటిన్ తనంతట తానే నేర్చుకున్నాడు. పొద్దంతా నేత, సాయంత్రం రాత. మా నేతగాళ్ల పేటల చరిత్ర రాయడానికి ఇరవయ్యేళ్లు పట్టింది. కాలేజీ వాళ్లు కొందరు "ఏడో క్లాసు చరిత్రకారుడు" అని నవ్వేవారు. ఆ మాట ఆయన్ని ఎంత గుచ్చేదో, ఆయన రాతప్రతిని శుభ్రంగా తిరగరాసి పెట్టిన నాకు తెలుసు.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు మా నాయనమ్మ లచ్చవ్వకు చదివి వినిపించాను. చర్చి బలిపీఠం మీద పరిచిన మొదటి గుడ్డను మా తాత రాజయ్య నేశాడని అందులో ఉంది. నేను గర్వంగా తలెత్తి చూశాను. ఆమె ఏమీ అనలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది.

"అప్పటికే మీ తాత పోయి రెండేండ్లాయె. నేసింది నేను. పోనియ్ బిడ్డా, మగ్గం ఆయనదే కద."

మాలో మగ్గానికి ఇంటి మగవాడి పేరే. మనిషి పోయినా మగ్గానికి ఆ పేరు పోదు. రిజిస్టర్లో "రాజయ్య మగ్గం" అని ఉంటే, నేసింది కూడా రాజయ్యే అనుకున్నాడు ఇన్నయ్య తాత. వెళ్లి సంగతి చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి ఆ పేజీ తీశాడు.

"నేతోణ్ణి అయ్యుండి నాకు తెల్వకపాయె."

వారంలో ఆవిష్కరణ సభ. నవ్విన వాళ్లే వేదిక మీద ఉంటారు. నాకు భయం వేసింది.

"ఎవ్వలకు తెల్వదు తాతా, ఊకో."

"మీ అవ్వకు తెలుసు కద బిడ్డా."

సభలో లేచి తన తప్పు తానే చెప్పాడు. వేదిక మీద ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తాత మాట ఆపలేదు. మర్నాటి నుంచి ఒక్కో పుస్తకం తెరిచి, ఆ పేరు కొట్టేసి, తన కలంతో దిద్దుతూ పోయాడు. సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. దిద్దిన మొదటి పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చి, నాయనమ్మ ఎదుట కూర్చుని చదివాడు.

"ఈ గుడ్డ నేసింది లచ్చవ్వ."

నాయనమ్మ కండెకు నూలు చుట్టడం ఆపింది.

"మల్లొక్కసారి చదువు అన్నా."

ఆయన మళ్లీ చదివాడు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. నేనూ పేటల సంగతులు రాస్తున్నాను. అచ్చుకు పంపే ముందు ఆయా ఇళ్లలోని ముసలమ్మలకు చదివి వినిపిస్తాను. "మంచిగుంది" అంటే సంతోషమే. కాని విన్నాక ఏమీ అనకుండా ఎవరైనా ఊరకే ఉండిపోతే, కాగితాలు మడిచి ఆమె పక్కనే కూర్చుంటాను.