కూలర్ ముందు ఆర్కిడ్

మా ఫ్యాక్టరీలో పనిచేసే అస్సాం మిత్రుడు సెలవు నుంచి వస్తూ నాకొక ఆర్కిడ్ మొక్క తెచ్చాడు. వాళ్ల అడవిలో వానకు విరిగిపడ్డ కొమ్మ మీద దొరికిందట. చెట్టు మీదున్నదాన్ని పీకలేదని ఒట్టేశాడు.

బీరంగూడలో మా ఇంటికి తెస్తే, ఇన్నేళ్లూ పత్తి పండించిన అమ్మకు అది నచ్చలేదు.

"వేర్లు గాలికి ఏలాడుతుంటే ఏ మొక్క బతుకుతదిరా?" అంటూ నల్లమట్టిలో పాతి, పశువుల ఎరువు వేసింది.

నాలుగు రోజులకే వేర్లు కుళ్లడం మొదలైంది. నేను విసుక్కుంటూ దాన్ని తీసి కడిగి, చెక్కముక్కకు కట్టి, కూలర్ ముందు వేలాడదీశాను. ఇంట్లో అడవిలాంటి తేమ ఉన్నది అక్కడే. ఆ వేసవంతా చల్లగాలి దానిది, చెమట మాది.

ఏడాది తిరిగేసరికి ఊదారంగు పూలగుత్తి వేసింది. అమ్మ వాడకట్టంతా పిలిచి చూపించింది.

"పోయినేడు నేనేసిన ఎరువు గిప్పుడు పనిచేసింది" అని చెప్పింది.